పెద్దక్కకి ఉత్తరాలు: ఒంట్లో ఓపికకి కూడా వంతులుంటాయి

ఈ నెల కవర్లలో నోటి క్యాన్సర్ గురించే మూడు ఉత్తరాలొచ్చాయండి, మూడూ ట్రీట్‌మెంట్ అయిపోయాక పడే కష్టం గురించే. అందుకని ఆస్తి పంపకాలు, తోటికోడళ్ళ గొడవలు వచ్చే నెలకి వాయిదా వేసేసాను, ఏమనుకోకండి. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట, నేను నర్సుగా చేసి రిటైరయ్యాను, ఆ తర్వాత నాకే నాలిక పక్కన పుండొచ్చి ఆపరేషను, కరెంటు (అదే, రేడియేషన్) రెండూ అయ్యాయి. మంచం పక్కనా నిలబడ్డాను, మంచం మీదా పడుకున్నాను.

పెద్దక్క గారికి నమస్కారమండి. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా ఆయనకి 49 ఏళ్ళు, మూడెకరాలు వరి, కాస్త కొబ్బరి. ఖైనీ అలవాటుండేది, బుగ్గ లోపల క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి ఛాతీ మీద కండ తీసి బుగ్గకి వేసారు, తర్వాత 30 కరెంట్లు, వారానికోసారి కీమో. అన్నీ అయ్యి ఐదు నెలలు. మొన్న చూపిస్తే ఏం లేదు బాగుందన్నారు. కానీ ఈయన పొద్దున స్నానం చేసొచ్చేసరికే అరుగు మీద కూలబడిపోతున్నారు, చేను దాకా వెళ్ళొస్తే ఇంక ఆ రోజంతా మంచమే. ధాన్యం బస్తా ఒక్కడే ఎత్తి భుజాన వేసుకునే మనిషండి. మా అత్తగారు దిష్టి అంటారు. మా మరిదేమో రోగం తగ్గింది కదొదినా, అన్నయ్య పడుకోడం అలవాటు పడిపోయాడు అన్నాడు. ఆ మాట పట్టుకుని మొన్న దాళ్వా (రెండో పంట) నాట్లప్పుడు నేనూ గట్టిగా అరిచేసాను. ఆయన ఏమీ అనలేదు, అటు తిరిగి పడుకున్నారు. రాత్రంతా ఏడ్చాను. జబ్బు మళ్ళీ వస్తోందా అక్కా, లేకపోతే నిజంగా బద్ధకమేనా?
ఒక సోదరి

చెల్లీ, ముందు ఆ ఏడుపు ఆపు. అరిచావు, అరవని ఇల్లాలు ఎవరు, నేను మంచంలో ఉన్నప్పుడు మా ఆయన కూడా ఒకసారి విసుక్కున్నాడు, ఇప్పటికీ గుర్తు చేసి ఏడిపిస్తుంటాను. ఆయనది బద్ధకం కాదమ్మా. బద్ధకస్తుడికి పడుకుంటే హాయిగా ఉంటుంది, ఈ నీరసం ఉన్నవాడికి పడుకుని లేచినా అలాగే ఉంటుంది, అదీ తేడా. కరెంటు పెట్టేటప్పుడు మెల్లిగా మొదలై ఆఖరి వారాలకి, అది ఆపేసిన తర్వాత కొన్ని వారాలకి బాగా ముదురుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది, చాలామందికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది కూడా. ఈ ముక్క డిశ్చార్జి రోజున చెప్తే సగం ఇళ్ళల్లో గొడవలుండవు. నాకు పంపించేటప్పుడు ఏం తినాలో ఒక కాగితం ఇచ్చారు, మందుల చీటీ ఇచ్చారు, ఓపిక ఇన్నాళ్ళు ఉండదమ్మా అని మాత్రం ఎవ్వరూ అనలేదు. నర్సుని కదా, తెలుసనుకున్నారేమో.

అలాగని కరెంటు పెట్టాక ఇంతేలే అని వదిలేయకూడదు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నా సంగతి చెప్తా విను. ట్రీట్‌మెంట్ అయిన ఎనిమిదో నెల, రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ, ఊరంతా ఫ్యాన్ల కింద అల్లాడిపోతుంటే నేను దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. మొహం ఉబ్బింది, మోషన్ సరిగా అవట్లేదు, మాట నెమ్మదించింది. అన్నీ క్యాన్సర్ నీరసం ఖాతాలోనే వేసేసాను, ముప్పై ఏళ్ళ సర్వీసు ఏ గంగలో కలిసిందో. మా చెల్లెలి కూతురు వచ్చి పెద్దమ్మా థైరాయిడ్ చూపించుకున్నావా అంది. రక్తం తీసి చూస్తే టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె, ఎక్కడికో పైకి పోయింది. మెడకి కరెంటు పెడితే థైరాయిడ్ గ్రంథికి కూడా దెబ్బ తగుల్తుంది, అది వెంటనే బయటపడదు, నెలలకో ఏళ్ళకో పడుతుంది, అందుకే ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒకసారి చొప్పున ఆ పరీక్ష చేయిస్తూనే ఉండాలి. మాత్ర పరగడుపున రోజుకొకటి, డోసు డాక్టరు గారు చూసి సరిచేస్తారు, రెండు నెలలకి నేను మనిషినయ్యాను. కాబట్టి రేపే వెళ్ళి టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ చేయించండి. కీమో అంటున్నావు గనక, ఎక్కించిన మందు సిస్‌ప్లాటిన్ అయితే దానికి మెగ్నీషియం పడిపోవడం, కిడ్నీ మీద భారం పడడం ఉంటుంది, ఆ రక్త పరీక్షలు కూడా రాయమని అడుగు. నొప్పికి వాడే మాత్రల్లో కొన్ని మత్తుగా ఉంచుతాయి, ఇప్పుడు వాడుతున్నవన్నీ సంచిలో వేసుకుని పట్టుకెళ్ళి చూపించు.

మళ్ళీ వచ్చిందా అని అడిగావు. మొన్నే చూసి బాగుందన్నారు కదా, ఉత్త నీరసాన్ని చూసి ఆ భయం పెట్టుకోకు. నోట్లో రెండు మూడు వారాలైనా మానని పుండు, మెడలో కొత్తగా గడ్డ, రక్తం రావడం, చెవిలోకి పోటు, బరువు దిగిపోవడం, వీటిలో ఏదొచ్చినా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. జ్వరం, ఆయాసం, మింగుతుంటే పొలమారి దగ్గు తెరలు, ఇవి అయితే ఆ రోజే వెళ్ళాలి.

ఇంక ఓపిక సంగతి. నువ్వు చేను ఉన్నదానివి గనక నీకు ఇట్టే తెలుస్తుంది, దాళ్వాకి గోదాట్లో నీళ్ళు తక్కువైతే కాలవలకి వంతులు పెడతారు కదా, ఎగువ వాళ్ళు వచ్చిన నీళ్ళన్నీ మళ్ళించేసుకుంటే శివారు చేలు నెర్రెలిచ్చేస్తాయి. మీ ఆయన పొద్దున్నే స్నానం, చేను, కొట్టుకెళ్ళి రావడం అన్నీ చేసేసి సాయంత్రాన్ని శివారు చేను చేసేస్తున్నారు. ఒక పాత నోటుబుక్కు తీసి వారం రోజులు ఏ గంటకి కాస్త ఓపికుంటోందో, ఏ పని చేస్తే పడిపోతున్నారో రాయి. నాకు పదింటి నుంచి పన్నెండు దాకా బాగుండేది, పెద్ద పని అప్పుడే. స్నానం సాయంత్రానికి మార్చేసా, అదీ స్టూలు మీద కూర్చునే. పగలు కునుకు తీయొచ్చు గానీ అరగంటే, అదీ మూడు లోపే, లేకపోతే రాత్రి నిద్ర పోతుంది. రాత్రి నోరెండిపోయి పదిసార్లు లేస్తుంటారు చూడు, ఆ నిద్ర చెడడం కూడా నీరసానికి కారణమే, మంచం పక్కన మూత గ్లాసులో నీళ్ళు పెట్టి చిన్న గుక్కలు తాగమను.

విచిత్రంగా అనిపిస్తుంది గానీ ఈ నీరసానికి అన్నిటికంటే పనిచేసేది నడకే. పూర్తిగా పడుకుంటే కండ కరిగి ఇంకా నీరసపడతారు. చల్లపూట కాలవగట్టు మీద ఐదు నిమిషాలు, అంతే, వారం తర్వాత ఏడు, ఆ తర్వాత పది. ఓపికున్న రోజున ఆవేశపడి లాకుల దాకా పోవద్దు, లేని రోజున మానేయొద్దు, వాకిట్లో రెండు చుట్లు తిరిగినా చాలు. బస్తాల జోలికి మాత్రం ఇప్పుడే పోనీయకు. మెడలో గడ్డలు తీసేటప్పుడు భుజానికెళ్ళే నరం దెబ్బతిని ఆ భుజం జారినట్టు ఉంటుంది చాలామందికి, ఛాతీ కండ కూడా తీసారు, ఫిజియోథెరపీ వాళ్ళకి చూపించాకే బరువులు.

తిండి గురించి నువ్వు రాయలేదు గానీ నేనే అడుగుతున్నా, ఆయన నోరు ఎంత తెరుచుకుంటోంది? తన మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. పట్టకపోతే ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతర పెట్టి పళ్ళ మధ్య ఉంచి, మెల్లిగా ఒక్కో పుల్ల పెంచుకుంటూ వ్యాయామం నేర్పిస్తారు, అడిగి నేర్చుకోండి, వదిలేస్తే బిగుసుకుపోతుంది. నమలడానికే ఓపికంతా అయిపోతుంటే రెండు పూటలా కంచం నిండా పెట్టి తినమంటే ఎలా తింటారు, ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టు. రాగి జావలో పాలు, మెత్తగా చితక్కొట్టిన పప్పన్నంలో నెయ్యి, గుడ్డు, అరటిపండు, పెరుగన్నం. కారం, పులుపు మండుతాయి గనక చేప అయితే చింతపండు తగ్గించి కొబ్బరిపాలు పోసి వండు, మన కోనసీమలో కొబ్బరికేం కరువు. పండుగప్ప మెత్తగా ఉంటుంది, ముళ్ళు తక్కువ. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ ఆ ముళ్ళతో ఈ ఏడాదికి వద్దు, పుస్తెలు మెళ్ళోనే ఉంచుకో. ఎండాకాలం ముంజలు పెట్టు, పుండు నోటికి అంత చల్లగా హాయిగా ఉండేది ఇంకోటి లేదు. పూతరేకులు నోట్లో కరిగిపోతాయి కదా అని నేను తెప్పించుకున్నా, లాలాజలం లేని నోట్లో అవి కరగవమ్మా, అంగిట్లో కాగితంలా అతుక్కుపోయాయి, వేలెట్టి తీసుకోవాల్సి వచ్చింది.

ఇంకోటి, పన్ను కదిలిందని ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర పీకించేయొద్దు. కరెంటు పడిన దవడ ఎముక సరిగా మానదు, ఒక్కోసారి చచ్చుబడిపోతుంది. ఏళ్ళు గడిచినా సరే ముందు కరెంటు పెట్టిన డాక్టరుకి చెప్పాకే. మీ మరిదికి ఈ పేజీ చదివించు. చదివాక దాళ్వా నీళ్ళ వంతు అతన్ని చూసుకోమను.

అక్కా, నాకు 41. నర్సాపురం దగ్గర రొయ్యల మేత కొట్లో లెక్కలు రాస్తాను. నాలిక క్యాన్సర్‌కి ఆపరేషనయ్యి ఏడాది. మాట ముద్దగా వస్తుంది. ఫోన్ మోగితే గుండె దడ, ఎత్తను. సంక్రాంతికి మా బ్యాచ్ అంతా వచ్చారు, నేను మేడ మీదే ఉండిపోయా. మధ్యాహ్నం మూడయ్యేసరికి కొట్లో కళ్ళు మూతలు పడతాయి. ఇంట్లో చెప్తే భయపడతారు. ఎవరితో చెప్పుకోవాలో తెలీక మీకు రాస్తున్నా.

తమ్ముడూ, రాసావు కదా, మొదటి పని అయిపోయింది. ఏదీ చేయబుద్ధి కాక, ఎవరినీ చూడబుద్ధి కాక రోజులు గడుస్తుంటే అది ఉత్త నీరసం కాకపోవచ్చు, మనసు కుంగడం కూడా ఒంట్లో సత్తువ లాగేస్తుంది, దానికి మందూ ఉంది మాటా ఉంది. 14416 కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని గవర్నమెంటుది, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నీ మాట ముద్దగా ఉన్నా వింటారు, వాళ్ళ పనే అది. బతకాలని లేదు లాంటి ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే చెయ్యి, ఇంట్లో కూడా ఆ ఒక్కటి దాచకు.

మాటకి స్పీచ్ థెరపిస్టులు ఉంటారు, ఏడాదైందని ఆలస్యమైపోలేదు. ఈలోగా ఫోన్ బదులు వాట్సాప్‌లో వాయిస్ పంపించు, బాలేదనిపిస్తే చెరిపేసి మళ్ళీ చెప్పొచ్చు, నేను మొదట్లో అలాగే నెట్టుకొచ్చా. నీ బ్యాచ్‌లో నోరు తక్కువ మాట్లాడే ఒకడు ఉంటాడు చూడు, వాడొక్కడినే పిలు, పదిమందిని కాదు. ఏమైనా కావాలంటే చెప్పరా అంటారు అందరూ, మనం ఏం లేదంటాం, అక్కడితో ఇద్దరి బాధ్యతా తీరిపోతుంది. అలా కాదు, వచ్చే చెకప్‌కి తోడు రా అని పని చెప్పు. రైల్లో క్యాన్సర్ పేషెంటుకి ట్రీట్‌మెంట్‌కో చెకప్‌కో వెళ్తే స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడొచ్చేవాళ్ళకి 75 శాతం తగ్గింపు, ఆస్పత్రిలో ఫారం రాయించుకుని స్టేషన్ కౌంటర్లో ఇవ్వాలి.

అన్నిటికంటే నాకు అండగా నిలబడింది కరెంటు గది బయట బెంచీ మీద కలిసినవాళ్ళు. ఆరు వారాలు రోజూ అదే బెంచీ, అవే మొహాలు. పాలకొల్లు పెద్దాయన ఒకాయన, మండపేట నుంచి ఒక టీచరమ్మ, ఇప్పటికీ ముగ్గురం మెసేజులు పెట్టుకుంటాం, పొద్దున్నే "జావ తాగావా" అని, అంతే, ఇంకేం ఉండదు. నీకూ ఆ బెంచీ ఏదోకటి ఉండే ఉంటుంది, లేకపోతే ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు పక్కనున్నవాడి నంబరు తీసుకో. కొట్లో యజమానితో మాట్లాడి లెక్కలు పొద్దున పూటకి పెట్టుకుని మూడింటికి ఒక పావుగంట కళ్ళు మూసుకో, రొయ్యల లెక్కలు కునుకుపాట్లలో రాస్తే ఆయనకే నష్టం. పైన మొదటి ఉత్తరంలో చెప్పిన రక్తం పరీక్షలు నీకూ కావాలి, కరెంటు పెట్టారో లేదో రాయలేదు నువ్వు, పెట్టి ఉంటే థైరాయిడ్‌దీ చేయించుకో.

పెద్దక్కా, మా అత్తగారి పుట్టిల్లు శ్రీకాకుళం వైపు, చిన్నప్పట్నుంచి అడ్డపొగ. అంగిట్లో క్యాన్సర్ వచ్చి పై అంగిలి కొంత తీసి, ఆ ఖాళీ మూసేలా నోట్లో పెట్టుకుని తీసుకునే ప్లేటు ఇచ్చారు. ఇప్పుడు నీరసంగా ఉందే, ఒక్క చుట్ట కాల్చుకుంటే ఓపికొస్తుందంటోంది. నాకు ఆరేళ్ళ పాప, ఆవిడకి మిక్సీలో వేసి పెట్టడం, ప్లేటు కడగడం, నాకే నడుం పడిపోతోంది.

అమ్మాయ్, అడ్డపొగంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడమే కదా, ఆ వేడీ పొగా తిన్నగా అంగిట్లోకే కొడతాయి, ఆవిడకి జబ్బు అక్కడే ఎందుకొచ్చిందో ఆవిడకీ తెలుసు. ఒక్కటి కూడా వద్దు, లంక పొగాకైనా ఇంకోటైనా. మళ్ళీ కాలిస్తే పుండు మానదు, నోట్లో ఇంకోచోట కొత్త క్యాన్సర్ రావచ్చు. కానీ ఏళ్ళ తరబడి అలవాటు, తిడితే పోదు, మానేసిన మొదటి వారాల్లో నీరసం, చిరాకు మామూలే, అది చుట్ట లేకపోవడం వల్ల వచ్చిన నీరసం, అందుకే చుట్టతో పోతుందనిపిస్తుంది ఆవిడకి. 1800-11-2356 పొగాకు మానిపించే ఫ్రీ నంబరు, పక్కన కూర్చుని నువ్వే చేసి ఇవ్వు. నికోటిన్ చూయింగ్ గమ్ ఆ ప్లేటుతో కుదరదు, ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీలుంటాయి, డాక్టరుని అడిగి వాడండి.

నీ నడుం గురించి ఆఖర్లో అర వాక్యం రాసావు, నేను చూసాను. ప్లేటు కడగడం రెండు చేతులూ ఉన్న మీ ఆయన కూడా చేయగలడు, రాత్రి పూటది అతనికి అప్పజెప్పు. నీ ఆడపడుచులుంటే వాళ్ళమ్మని నెలలో వారం తీసుకెళ్ళమని అడుగు, అడగడానికి మొహమాటపడితే పెద్దక్క అడగమంది అని చెప్పు.