కారు స్పీకర్లకు తగిన యాంప్లిఫయర్
ప్రశ్న: నా కారులో 4 ఓంల కాంపోనెంట్ స్పీకర్లు బిగించాను. పెట్టె మీద గరిష్ఠం 250 వాట్లు, ఆర్‌ఎంఎస్ 60 వాట్లు అని ఉంది. ఎలాంటి యాంప్లిఫయర్ కొనాలి? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: గరిష్ఠం అంకెను పూర్తిగా పక్కన పెట్టండి, స్పీకర్ ఎక్కువసేపు తట్టుకోగలిగేది ఆర్‌ఎంఎస్ వాట్లనే కనుక, 4 ఓంల వద్ద ఒక్కో ఛానెల్‌కు 60 నుంచి 75 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చేది మీకు సరిపోతుంది. లోతైన స్వరాలు పలికే వూఫర్, సన్నని స్వరాలు పలికే ట్వీటర్, వాటికి స్వరాలను విడదీసి పంచే క్రాసోవర్ ద్వారా కలిసి ఒక పక్కకు 4 ఓంల భారమే అవుతాయి కాబట్టి రెండు ఛానెళ్లు చాలు. తక్కువ శక్తి గలది కొంటే స్పీకర్లు భద్రమనుకోవడం పొరపాటు: తాడిపత్రి దారిలో అద్దాలు దించి, గాలి హోరును మించి వినబడాలని శబ్దం పెంచితే, చిన్న యాంప్లిఫయర్ తన హద్దు దాటి తరంగాల కొనలను కత్తిరిస్తుంది, అదే పనిగా అలా వింటే ట్వీటర్‌లోని సన్నని తీగచుట్ట మాడిపోతుంది. స్టీరియోను ముప్పావు వంతు పెంచి, యాంప్లిఫయర్ మీద గెయిన్ (స్టీరియో నుంచి వచ్చే సంకేతాన్ని ఎంత పెంచాలో సర్దే మర) మెల్లగా పెంచుతూ, పాట బొంగురుపోయే చోటికి కాస్త ముందే గెయిన్‌ను ఆపండి.