ఎస్‌ఐసీబీ సదస్సుకి వెళ్ళాలా? పోస్టరా, టాకా?

"అమెరికాలో పీహెచ్‌డీ రెండో ఏడాది. జనవరిలో జరిగే ఎస్‌ఐసీబీ (సొసైటీ ఫర్ ఇంటిగ్రేటివ్ అండ్ కంపేరటివ్ బయాలజీ) సదస్సుకి చేతి డబ్బు పెట్టుకుని వెళ్ళడం దండగా? వెళ్తే టాక్ ఇవ్వాలా, పోస్టర్ పెట్టాలా?" అని ఒక విద్యార్థి అడిగారు.

వెళ్ళండి. పోస్టరే పెట్టండి, అంటే చేసిన పనిని పెద్ద కాగితం మీద అచ్చేసి, పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి చెప్పడం. సీవీలో బాగుంటుందని మీ గైడ్ టాక్ ఇమ్మంటారు, వినకండి. టాక్ అంటే పెళ్ళిలో స్టేజీ ఎక్కి ఫొటో దిగడం లాంటిది. పావుగంటలో దిగిపోవాలి. అదే టైమ్‌కి పక్క హాళ్ళలోనూ టాకులు నడుస్తుంటాయి కాబట్టి జనం మధ్యలోనే లేచి పోతుంటారు. ఉన్నవాళ్ళు కూడా మీ సబ్జెక్టు వాళ్ళే. వాళ్ళు అడిగే ప్రశ్నలు మీ ల్యాబ్‌లో ఎవరో ఒకరు ఎప్పుడో అడిగేసి ఉంటారు.

నేను 2020 జనవరిలో ఆస్టిన్‌లో పోస్టర్ పెట్టాను. తోక తెగిన బల్లులు గోడ ఎలా ఎక్కుతాయన్నది విషయం. టెక్సస్‌లో రాత్రిపూట లైట్ల దగ్గర పురుగుల కోసం చేరే మధ్యధరా బల్లులు మన ఇంటి బల్లికి దాయాదులే. చాలాసేపు నా వైపు ఎవరూ రాలేదు. పక్క పోస్టర్ కుర్రాడు చేప దవడని త్రీడీ ప్రింట్ చేసి తెచ్చాడు. వచ్చినవాళ్ళంతా దాన్ని తెరవడం, మూయడం, ఇంకొకరికి అందించడం. చివరికి చొక్కా మీద కాఫీ మరకతో ఒకాయన నా ముందు ఆగి "బల్లులే ఎందుకు?" అన్నాడు. దానికి రోబోలు, గోడలెక్కే యంత్రాలు అంటూ కంఠతా పట్టిన జవాబు ఒకటుంది. అప్పటికే విసుగొచ్చి ఉన్నానేమో, అది వదిలేసి బల్లిశాస్త్రం ఎత్తుకున్నాను. మా పంచాంగాల్లో బల్లి ఒంటిమీద ఎక్కడ పడితే ఏ ఫలమో పట్టిక ఉంటుంది, మగవాళ్ళకి వేరు, ఆడవాళ్ళకి వేరు, దోషం పోవాలంటే కంచి వరదరాజస్వామి గుళ్ళో బంగారు బల్లిని తాకి రావాలి అని చెప్పాను.

ఆయన నవ్వలేదు. "పట్టిక రాసుకునేంత తరచుగా పడతాయన్నమాట. ఎప్పుడు పడతాయి? గోడ తడిగా ఉన్నప్పుడా, కొట్లాడుకుంటూనా? పడేవాటికి తోక ఉంటుందా?" అన్నాడు.

ఇంక చూడండి. చేప దవడ కుర్రాడు దవడ వదిలేసి వచ్చాడు. వెల్లకిలా జారిన బల్లి తోకని గిర్రున తిప్పి సెకనులో పదో వంతులో బోర్లా తిరిగిపోతుందని బర్క్‌లీ యూనివర్సిటీలో జీవశాస్త్రవేత్త రాబర్ట్ ఫుల్ బృందం 2008లో చూపించింది కదా, మరి తోక లేనిది ఎలా తిరుగుతుందని ఒకామె. తోక పోయిన ఎనోల్ అనే అమెరికా తొండలు దూకితే గాల్లోనే వెనక్కి తిరగబడతాయని ఇంకొకాయన. తడి గాజు మీద బల్లి కాలికి పట్టు బాగా తగ్గుతుంది, వానాకాలం సంగతి చూశావా అని మరొకామె. కాఫీ మరకాయన నా పోస్టర్ అంచు మీదే బాల్‌పెన్‌తో గోడ గీసి, బల్లి గీసి, బాణాలు పెట్టాడు. నా థీసిస్‌లో ఒక చాప్టర్ ఆ బాణాల్లోంచే వచ్చింది. టాక్‌లో ఇవన్నీ అడిగే తీరిక ఎవరికుంటుంది?

సందర్భం వచ్చింది కాబట్టి అనేస్తాను. మన దగ్గర జీవశాస్త్రం అంటే డీఎన్‌ఏ తీసి పీసీఆర్‌లో (దానికి నకళ్ళు తీసే యంత్రంలో) పెట్టడమే. బతికున్న జంతువుని బతికుండగా చూడటం సైన్సు కాదు, పనిలేనివాడి పని. "బల్లుల మీద పీహెచ్‌డీనా? ఉద్యోగం వస్తుందా?" అని మా బాబాయి ఇప్పటికీ అడుగుతాడు. బండల మీద తిరిగే మగ తొండ ఆడదాని ముందు ఒక రంగు, పోటీకొచ్చిన మగదాని ముందు ఇంకో రంగు, క్షణాల్లో మార్చేస్తుందని బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళు కొలిచి చూపించారు. తొండ ముదిరితే ఊసరవెల్లి అని సామెత చెప్పుకున్న మనం ఒక్కరోజైనా వాచీ పట్టుకుని బండ పక్కన కూర్చున్నామా?

డబ్బు సంగతికొస్తే, షార్లెట్ మాంగమ్ పేరుతో విద్యార్థులకి సాయం ఉంది. సదస్సులో కొన్ని గంటలు పనిచేస్తే ఖర్చు తగ్గుతుంది. రిజిస్ట్రేషన్‌కి ముందే దాని గడువు చూసుకోండి. హోటల్ కాఫీ, శాండ్‌విచ్ ధరలు మాత్రం దోపిడీ. శాకాహారులైతే గదిలో పులిహోర పెట్టుకోండి, సాయంత్రానికి అదే దిక్కు.

నాకు అసలు మండేది తేదీల దగ్గర. సరిగ్గా జనవరి మొదటి వారం. డిసెంబర్‌లో ఇంటికి వెళ్తే పండగ ముందే తిరుగు ప్రయాణం కట్టాలి, వీసా స్టాంపింగ్ ఆలస్యమైతే పోస్టర్ కూడా గోవిందా. 2021లో కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లో పెట్టారు, ఇంటి నుంచే చేరొచ్చు, కానీ ఇంటికి వెళ్దామంటే అప్పుడు విమానాలే సరిగ్గా లేవు. సంక్రాంతి అయ్యాక పెట్టండయ్యా అంటే సెమిస్టర్ మొదలవుతుందంటారు.