వైట్ టవర్ ఎక్కాలంటే...

ప్రశ్న: గ్రీస్‌లో మా అబ్బాయి ఉండే థెస్సలొనీకి వెళ్తున్నాం. సముద్రం ఒడ్డున వైట్ టవర్ మ్యూజియం ఉందట. మోకాళ్ళ నొప్పులున్న నేను ఎక్కగలనా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: తొందరపడకపోతే ఎక్కగలరమ్మా. ఎత్తు సుమారు 34 మీటర్లు. లోపల గోడ వెంబడే గుండ్రంగా తిరుగుతూ పైకి పోవాలి. ఒక్కో అంతస్తులో గుండ్రటి గది, అందులో ఆ ఊరి చరిత్ర. నేనైతే ప్రతి గదిలో బొమ్మలు చూసే వంకతో ఆయాసం తీర్చుకున్నాను!

ఇది తుర్కుల కాలంలో జైలు. 1890 ప్రాంతంలో ఒక ఖైదీ, విడుదల చేస్తారని దీనికంతా సున్నం కొట్టాడట. పేరు మిగిలింది గానీ, ఇప్పుడు గోడలు గోధుమరంగులో ఉంటాయి. పొద్దున్నే వెళ్ళండి. మబ్బు లేకపోతే పైనుంచి ఊరి ముందున్న అఖాతం అవతల ఒలింపస్ కొండ కనిపిస్తుంది. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి.