కొత్త కారులో వచ్చి పోయే ఫాల్ట్, సర్వీస్ సెంటర్‌లో మాత్రం "ఏమీ లేదు" అంటున్నారు. ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: గుణుపురంలో ఉంటారు, పెట్రోల్ కారు కొని ఐదు నెలలైంది. మూడుసార్లు నడుస్తుండగానే డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగి ఇంజిన్ ఆగిపోయింది, మళ్ళీ స్టార్ట్ చేస్తే మామూలే. సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తీసుకెళ్తే ఏమీ లేదని పంపేశారు. మీ ఊరి మెకానిక్ బ్యాటరీ వైరు పదినిమిషాలు తీసి పెడితే సర్దుకుంటుందన్నాడు, చేయొచ్చా అని.

ముందు దానికి జవాబు. దయచేసి బ్యాటరీ వైరు తీయకండి. ఫాల్ట్ వచ్చిన క్షణంలో ఇంజిన్ కంప్యూటర్ ఆ లోపాన్ని సూచించే ఒక కోడ్ రాసుకుంటుంది, చాలా కోడ్‌లకి ఆ క్షణంలో స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడెంత అన్నది కూడా దాచుకుంటుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. వైరు తీస్తే చాలా బండ్లలో అదంతా చెరిగిపోతుంది. మీ దగ్గరున్న ఒకే ఒక సాక్ష్యం అది. ఇక కొత్త బండి వైరింగ్ మీద బయటివాళ్ళ చెయ్యి పడిందంటే, రేపు వారంటీ దగ్గర వాళ్ళు మొదట ఎత్తే మాట అదే.

నాకు అచ్చం ఇలాగే జరిగింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మేం ఒడిశాలోని జయపురంలో ఉంటాం, మా అత్తవారిది ఆంధ్రాలోని సాలూరు, నెలకి రెండుసార్లైనా ఆ దారిలో వెళ్ళొస్తాం. బండి కొన్న రెండో నెలలో, సాయంత్రం పూట తిరిగి వస్తూ పి.కోనవలస దాటి ఘాట్ ఎక్కుతుంటే, రెండో గేరులో ఉన్నాను, ఒక మలుపు దగ్గర స్పీడోమీటర్ ముల్లు సున్నాకి పడిపోయింది, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), స్టీరింగ్, చెక్ ఇంజిన్, లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. మూడు సెకన్లు ఉంటుందేమో. మళ్ళీ అంతా మామూలే. వెనక సీట్లో మా ఆవిడ, పాప. సుంకి దాకా నోట మాట రాలేదు.

మర్నాడే జయపురంలో సర్వీస్‌కి ఇచ్చాను. స్కానర్ పెట్టారు, ఏవో కోడ్‌లు ఉన్నాయి, పాతవి సార్ అని చెరిపేశారు, బండి కడిగి ఇచ్చారు. జాబ్ కార్డులో, అంటే బండి ఇచ్చేటప్పుడు మన కంప్లైంట్ రాసి సంతకం పెట్టించుకునే కాగితంలో, ఏం రాశారో ఇంటికొచ్చి చూస్తే "జనరల్ చెకప్" అని ఉంది. నేను చేసిన పెద్ద తప్పు అదే, చూడకుండా సంతకం పెట్టడం. కాగితం మీద నా బండికి అసలు ఫాల్టే రాలేదు, నేను ఊరికే చెకప్‌కి తెచ్చినట్టుంది.

రెండోసారి వచ్చాక విశాఖపట్నంలో పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళాను. అక్కడ మొదటి మాట "బండి మా దగ్గర కొన్నది కాదు, ఒడిశా రిజిస్ట్రేషన్ కదా" అని. మన సరిహద్దు జిల్లాల వాళ్ళందరికీ ఎదురయ్యేదే ఇది. వారంటీ ఇచ్చేది కంపెనీ, అమ్మిన షోరూమ్ కాదు. నంబర్ ప్లేట్ మీద ఓడీ ఉన్నా ఏపీ ఉన్నా, దేశంలో ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఏదైనా వారంటీ పని చేయాల్సిందే. వారంటీ పుస్తకంలోనే ఉంటుంది, ఆ పేజీ తెరిచి చూపించండి. నేను చూపించాక తీసుకున్నారు. రెండు రోజులు ఉంచుకుని, సిటీలో తిప్పి, ఏమీ దొరకలేదన్నారు. మూడోసారి ఒక ఏబీఎస్ సెన్సర్ ఉచితంగా మార్చారు. పదిహేను రోజులకి అదే ఘాట్‌లో మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంజిన్ కూడా ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి, ఏబీఎస్‌కి, స్టీరింగ్‌కి, మీటర్‌కి వేరువేరు కంప్యూటర్లు ఉంటాయి, అవన్నీ క్యాన్ అనే రెండు వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటాయి. వాటిలో ఒకదానికి కరెంటో ఎర్తో ఒక్క క్షణం తెగితే, మిగతావన్నీ "ఫలానాది పలకడం లేదు" అని ఎవరి కోడ్ వాళ్ళు రాసుకుంటాయి, ఎవరి లైటు వాళ్ళు వెలిగిస్తాయి. ఆ రకం కోడ్‌లు యు అక్షరంతో మొదలవుతాయి. అంటే లైట్లన్నీ ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరిపోతే నాలుగు పార్టులు పాడయ్యాయని భయపడక్కర్లేదు. ఎక్కడో ఒక్కచోట కనెక్షన్ వదులుగా ఉండే అవకాశమే ఎక్కువ: బ్యాటరీ టెర్మినల్, ఎర్త్ బోల్టు, సరిగా కూర్చోని కనెక్టర్, రాసుకుపోయిన వైరు, ఒక్కోసారి ఎలుక కొరికింది కూడా. అందుకే ఊహించి ఒక్కో సెన్సరూ మారుస్తుంటే రోజులు గడుస్తాయి తప్ప జబ్బు పోదు.

మా బావమరిదికి తెలిసిన ఎలక్ట్రీషియన్ సాలూరులో ఉన్నాడు, లారీల వైరింగ్‌లో తలపండిన మనిషి. ఆయన చెయ్యి కూడా పెట్టలేదు, వారంటీలో ఉన్న బండి నేను ముట్టుకోకూడదు బాబూ అన్నాడు. కానీ నన్ను చాలా ప్రశ్నలు అడిగాడు. ఎక్కేటప్పుడా దిగేటప్పుడా? ఏ గేరు? ఎడమ మలుపా కుడి మలుపా? ఇంజిన్ వేడెక్కాకా, చల్లగా ఉన్నప్పుడా? ఏసీ ఉందా? వర్షమా? నేను గుర్తు చేసుకుంటూ చెప్తే నాకే తెలిసింది, ప్రతిసారీ ఎక్కేటప్పుడే, రెండో గేరులోనే, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే. దిగేటప్పుడు ఒక్కసారీ లేదు. "నిలబడ్డ బండికి రాని రోగం ఎక్కే బండికొస్తాది. ఇంజిన్ ఊగినప్పుడు ఏదో వైరు లాగుతోంది" అన్నాడు. బరువు లాగేటప్పుడు ఇంజిన్ తనని పట్టి ఉంచే రబ్బరు మౌంట్ల మీద ఒక పక్కకి వాలుతుంది, దాంతోపాటు దానికి కట్టిన వైర్లూ కదులుతాయి. వర్క్‌షాప్‌లో ఐడిల్‌లో, అంటే ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉంచి, నిలబెట్టి స్కాన్ చేస్తే ఆ కదలిక ఉండదు, విశాఖ బీచ్ రోడ్డులో ఎంత తిప్పినా ఉండదు.

మీరూ ముందు చేయాల్సింది ఇదే. ఫాల్ట్ ఏమిటో కనుక్కోవడం మన పని కాదు, అది ఎప్పుడొస్తోందో కనుక్కోవడం మన పని. కారులో చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, కిలోమీటర్లు, ఎక్కడ, ఎత్తా పల్లమా, గేరు, స్పీడు, ఏ లైట్లు, ఎంతసేపు, పెట్రోల్ ఎప్పుడు ఎక్కడ పోయించారు, ముందురోజు బండి వర్షంలో ఉందా, ఇవన్నీ రాయండి. వీడియో పక్క సీట్లో ఉన్నవాళ్ళు తీయాలి, నడిపేవాళ్ళు ఫోన్ ముట్టుకోకూడదు. కిలోమీటర్ల రీడింగ్, వెలిగిన లైట్లు ఒకే వీడియోలో కనిపించాలి.

తర్వాత జాబ్ కార్డు. మీరు నోటితో చెప్పింది సర్వీస్ సెంటర్‌లో బండి తీసుకునే అడ్వైజర్ తన మాటల్లో కుదించి రాస్తాడు, ఒప్పుకోవద్దు. నేను నాలుగోసారి ఒక కాగితం మీద ముందే రాసి తీసుకెళ్ళి, ఇదే మాట టైపు చేయండి అన్నాను: "ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో వార్నింగ్ లైట్లన్నీ వెలిగి ఇంజిన్ ఆగిపోతోంది, ఇది నాలుగోసారి, పాత జాబ్ కార్డు నంబర్లు ఇవి." కోడ్‌లు చెరిపే ముందు స్కాన్ రిపోర్టు ప్రింటు గానీ ఫోటో గానీ ఇవ్వమన్నాను. ఏమీ దొరక్కపోతే ఆ మాటే బిల్లు మీద రాసివ్వమన్నాను. డబ్బులు కట్టేది లేకపోయినా, పది నిమిషాలే చూసినా, జాబ్ కార్డు లేకుండా బండి ఇవ్వకండి. మీ రెండు విజిట్లకీ కార్డులు లేకపోతే ఇప్పుడే వెళ్ళి కాపీలు అడగండి, వాళ్ళ సిస్టమ్‌లో ఉంటాయి.

దాంతోపాటు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ పెట్టి కంప్లైంట్ నంబర్ తీసుకున్నాను. ఫోన్ చేస్తే మాట గాల్లో పోతుంది, మెయిల్ ఉండిపోతుంది. అందులో నేను అడిగింది ఒక్కటే, స్కానర్ తగిలించుకుని ఒక టెక్నీషియన్ నాతో ఘాట్ ఎక్కాలి అని. బండి మార్చండి, నష్టపరిహారం ఇవ్వండి అని మొదటే రాయలేదు, రాస్తే వాళ్ళు వెంటనే జాగ్రత్తపడి ఆచితూచి మాట్లాడతారు, పని నడవదు. రెండు మెయిళ్ళకి జవాబు లేదు. మూడో మెయిల్‌కి ఏరియా సర్వీస్ మేనేజర్ ఫోన్ చేశాడు. వారం తర్వాత సాలూరు నుంచి ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నాతో బయల్దేరాడు. మొదటిసారి ఎక్కితే రాలేదు. నాకు ఎంత దిగులేసిందో చెప్పలేను. కిందకి దిగి మళ్ళీ ఎక్కాం, ఈసారి నలుగురం కూర్చున్నాం, బరువు ఉండాలని. మలుపులో వచ్చింది. అతని స్క్రీన్ మీద ఇంజిన్ కంప్యూటర్‌కి వచ్చే వోల్టేజ్ ఒక్క క్షణం పడిపోవడం ఇద్దరం చూశాం.

చివరికి దొరికింది, ఇంజిన్ నుంచి బాడీకి వెళ్ళే ఎర్త్ వైరు బోల్టు. పెయింటు మీదే బిగించారు, అదీ పూర్తిగా కాదు. పెయింటు గీకి, బోల్టు బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. ఆ తర్వాత ఏడాది దాటింది, ఆ ఘాట్ కనీసం ముప్పైసార్లు ఎక్కుంటాను, మళ్ళీ రాలేదు. మీదీ అదే అని నేను అనడం లేదు, మీది ఇంకేదైనా కావచ్చు. మనిషిని వెంట తీసుకెళ్ళే వీలు లేకపోతే బండిలో డేటా రికార్డర్ పెట్టి కొన్ని రోజులు నడపనివ్వమని అడగండి, ఆ పరికరాలు కంపెనీల దగ్గర ఉంటాయి.

ఈలోగా మీ ఇంట్లో వాళ్ళకి కూడా ఇది చెప్పండి. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే బ్రేకు వెంటనే పోదు, బ్రేకుకి బలమిచ్చే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు మామూలుగానే పడుతుంది, తర్వాత పెడల్ గట్టిపడుతుంది. కాబట్టి పంపు కొట్టినట్టు తొక్కకుండా ఒకేసారి గట్టిగా అదిమి పట్టుకోవాలి. స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. తాళం మాత్రం పూర్తిగా ఆఫ్ చేసి బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. హజార్డ్ లైట్లు వేసి పక్కకి ఆపండి. ఫాల్ట్ తేలేదాకా ఆ బండిలో రాత్రిపూట ఘాట్ దారి పెట్టుకోకండి, పిల్లలతో అసలే వద్దు. బయటి షాపులో హారన్లు, ఫాగ్ ల్యాంపులు, స్టీరియో లాంటివి వైరు కోసి పెట్టించి ఉంటే ఆ సంగతి సర్వీస్ సెంటర్‌లో దాచకుండా చెప్పండి.

ఇంత చేసినా కదలకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్. బండి విశాఖలోనో విజయనగరంలోనో కొన్నాం, కేసుకి అక్కడిదాకా తిరగాలేమో అని మనవాళ్ళు చాలామంది వదిలేస్తారు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే వేయొచ్చు, మీకైతే రాయగడ జిల్లా కమిషన్. బండికి కట్టిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే చూస్తుంది. ఫీజు 5 నుంచి 10 లక్షల బండికి 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల దానికి 400. సమస్య మొదలైన రెండేళ్ళ లోపు వేయాలి. పరీక్ష చేయిస్తే గానీ లోపం తేలదనుకుంటే కమిషన్ తగిన ల్యాబ్‌కి పంపుతుంది. అక్కడ అడిగేది కూడా ఆ జాబ్ కార్డులే.

మీ మూడుసార్లలో బండి ఎక్కడ ఆగింది, రాయగడ రోడ్డులోనా, పర్లాకిమిడి వైపా? ఎక్కేటప్పుడా, స్పీడ్ బ్రేకర్ దాటగానేనా, లేక తిన్నటి రోడ్డు మీదేనా? బండి పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు, ఈ వివరాలు రాయండి. సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాల్సిన కాగితం ఎలా రాయాలో నేను చూసి చెప్తాను.