ఫైటర్జ్‌లో ముందు బ్లాక్ చేయడం రావాలి

ఈసారి ఎంచుకున్న ఉత్తరాలు నాలుగూ ‘డ్రాగన్ బాల్ ఫైటర్జ్’ గురించే. ఈ గేమ్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. అకిరా తొరియామా రాసి గీసిన ‘డ్రాగన్ బాల్’ కామిక్స్ కథలోని గోకూ, వెజిటా, ఫ్రీజా వంటి పాత్రలతో జపాన్‌లోని ఆర్క్ సిస్టమ్ వర్క్స్ తయారు చేసిన ఫైటింగ్ గేమ్ ఇది. బందాయ్ నామ్కో 2018 జనవరిలో విడుదల చేసింది. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. ఒకరు కొట్లాడుతుంటే మిగతా ఇద్దరూ పిలిచినప్పుడు వచ్చి ఒక దెబ్బ వేసి పోతారు. ఆపకుండా వరసగా తగిలే దెబ్బల్ని కాంబో అంటారు, దెబ్బని కాచుకోవడాన్ని బ్లాక్ అంటారు. లైట్, మీడియం, హెవీ అంటే చిన్న, మధ్య, పెద్ద దెబ్బల బటన్లు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వరసగా ఓడిపోతున్నాను. వీడియోలు చూసి గోకూతో పెద్ద కాంబో నేర్చుకున్నాను. ప్రాక్టీస్‌లో బాగానే పడుతుంది, మ్యాచ్‌లో మాత్రం మొదలుపెట్టే చాన్సే రాదు. ఎదుటివాడు ఎగిరి మీదకొస్తే టెన్షన్‌లో బటన్లన్నీ నొక్కేస్తున్నాను. ఇంకా పెద్ద కాంబో నేర్చుకోవాలా? (బీటెక్ విద్యార్థి, వరంగల్)

వద్దు. కాంబో మీకు వచ్చేసింది. రానిది బ్లాక్ చేయడం. ముందు దాని సంగతి చూడండి.

ఆ ఎగిరి రావడాన్ని సూపర్ డాష్ అంటారు. స్క్రీన్‌లో ఏ మూల నుంచైనా సరే, మిమ్మల్ని వెతుక్కుంటూ నేరుగా వచ్చేస్తుంది. మామూలు కీ బ్లాస్ట్‌లు (చేతుల్లోంచి వదిలే శక్తి గోళాలు) విసిరితే వాటిని చీల్చుకుని మరీ వస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. దీనికి మందు ఒకటుంది. కిందికి నొక్కి పట్టి హెవీ కొట్టండి. టైమింగ్ కుదిరితే వచ్చినవాడు వచ్చినట్టే గాల్లోకి లేస్తాడు, మీరు కష్టపడి నేర్చుకున్న కాంబోకి అప్పుడు దారి దొరుకుతుంది. ట్రైనింగ్ మోడ్‌లో డమ్మీ ప్రత్యర్థి చేత సూపర్ డాష్ చేయించి రికార్డ్ చేసుకోండి. దాన్నే మళ్లీ మళ్లీ ప్లే చేస్తూ ఈ ఒక్క దెబ్బే సాధన చేయండి. చూడగానే చెయ్యి దానంతట అదే కదలాలి.

ఇక బ్లాక్. పాత్రని కూర్చోబెట్టి, స్టిక్‌ని వెనక్కి (ఎదుటివాడికి దూరంగా) పట్టి ఉంచడం అలవాటు చేసుకోండి. ఎదుటివాడు గాల్లోంచి దిగుతూ కొడితే లేచి నిలబడాలి. మాయమై వెనకవైపు తేలితే పట్టుకునే వైపు మార్చాలి. డ్రాగన్ రష్ (మీదకి దూకి పట్టేసుకునే దెబ్బ) మాత్రం బ్లాక్‌ని బద్దలు కొడుతుంది. అది వస్తున్నట్టు కనబడగానే లైట్, మీడియం కలిపి నొక్కితే విడిపించుకోవచ్చు. ఇవి తప్ప మిగతా సమయమంతా వేళ్లు బటన్ల మీద నుంచి తీసి ఓపిక పట్టండి. రెండు దెబ్బలు ఆపగానే తిరిగి కొట్టాలని చెయ్యి లాగుతుంది, మూడో దెబ్బ తగిలేది సరిగ్గా అప్పుడే. దెబ్బలు తిన్న పాత్రని పక్కకి పంపితే లైఫ్ బార్‌లో నీలంగా కనిపించే భాగం మెల్లగా నిండుతుంది. కాబట్టి నిదానంగా ఆడితే మీకే లాభం.

జపాన్ ఆటగాడు గో1 పాత మ్యాచ్‌లు చూడండి. 2018లో లాస్ వెగాస్‌లో జరిగిన ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ పోటీల ఫైనల్లో ఆయన అమెరికా ఆటగాడు సోనిక్‌ఫాక్స్ చేతిలో ఓడిపోయాడు. మరుసటి ఏడు అదే వేదిక మీద అదే సోనిక్‌ఫాక్స్‌ని ఓడించాడు. ఆయన కాంబోలు చూడకండి, అవి ఎవరైనా నేర్చుకోగలరు. ఎదుటివాడు మూలకి నెట్టేసి తన జట్టువాళ్లని ఒకరి తర్వాత ఒకరిని వదులుతుంటే ఆయన ఎంతసేపు ఏమీ కొట్టకుండా ఉండగలడో చూడండి. నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా అందంగా కనిపించేది అదే.

ప్రశ్న: మా బాబుకి పన్నెండేళ్లు. సెలవుల్లో ఒకటే ఈ ఆట. చూస్తే ఎప్పుడూ గుద్దుకోవడమే. మాన్పించెయ్యాలా? (ఒక తల్లి, తెనాలి)

యూరప్‌లో దీన్ని 12 ఏళ్లు, ఆపైవాళ్లు ఆడొచ్చని రేటింగ్ ఇచ్చారు, అమెరికాలో టీన్ (13 ఏళ్లు, ఆపైన) రేటింగ్. కాబట్టి మీ బాబు వయసుకి సరిహద్దులోనే ఉంది. కన్సోల్ సెట్టింగ్స్‌లో తెలియనివాళ్లతో మాటలు, మెసేజ్‌లు ఆపేసే వీలుంది, అది మాత్రం ఈరోజే చేయండి. టైమ్ కూడా అక్కడే పెట్టొచ్చు.

మాన్పించే ముందు రెండో ప్యాడ్ తీసుకుని వాడి పక్కన కూర్చోండమ్మా. లైట్ బటన్ ఒక్కటే వరసగా నొక్కినా కాంబో దానంతట అదే వస్తుంది, మీరూ ఆడగలరు. మా అన్నయ్య కూతురు నాతో ఆడినప్పుడల్లా గోకూ స్నేహితుడు క్రిలిన్‌ని జట్టులో పెట్టుకుంటుంది. “వాడు చిన్నోడే గానీ, అందరికీ గింజలిస్తాడు అత్తా” అంటుంది. నిజమే, గాయపడి పక్కనున్న జట్టువాళ్లకి సెంజు గింజ (గాయాలు మాన్పే మాయ గింజ) విసిరే పని గేమ్‌లో అతనిదే. మీ బాబు ఎవరిని ఎంచుకుంటాడో, ఎందుకో అడగండి. కథంతా చెప్పేస్తాడు.

ప్రశ్న: నేను యానిమేషన్ కోర్సు చేస్తున్నాను. ఈ గేమ్ బొమ్మలు చేత్తో గీసినవా, త్రీడీ మోడల్సా? మా క్లాసులో రెండు వాదనలు ఉన్నాయి. (హైదరాబాద్)

త్రీడీ మోడల్సే. అన్‌రియల్ ఇంజన్ 4 అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద చేశారు. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ 2014 నాటి ‘గిల్టీ గేర్ ఎక్సర్డ్’లో ఈ పద్ధతికి ప్రాణం పోసింది.

మామూలుగా త్రీడీలో రెండు ముఖ్యమైన భంగిమలు ఇస్తే మధ్యవి కంప్యూటర్ నింపేస్తుంది. కదలిక నీళ్లలా సాగుతుంది, కానీ గీసిన బొమ్మలా ఉండదు. వీళ్లు ఆ నింపడం ఆపేశారు. ప్రతి భంగిమనీ ఆర్టిస్టే పెడతాడు. గేమ్ సెకనుకి 60 ఫ్రేమ్‌లతో నడుస్తున్నా, ఒక్కో భంగిమ కొన్ని ఫ్రేమ్‌ల పాటు కదలకుండా నిలబడి, టక్కున తర్వాతిదానికి మారుతుంది. టీవీ యానిమే (జపాన్ కార్టూన్) కదలిక అలాగే ఉంటుంది కదా. గుద్దు ముందుకొచ్చే క్షణంలో పాజ్ చేసి చూడండి, పిడికిలి తలకన్నా పెద్దదిగా సాగదీసి ఉంటుంది. నీడ కూడా లెక్క ప్రకారం పడదు. మెడ కింద, ముక్కు పక్కన బొమ్మకి ఎక్కడ అందమో అక్కడ పడేలా మోడల్‌ని సరిచేస్తారు.

సూపర్ మూవ్ (పాత్ర వేసే అతి పెద్ద దెబ్బ) వేసినప్పుడు కెమెరా పాత్ర చుట్టూ గిర్రున తిరుగుతుంది, మోడల్ అని తెలిసిపోయేది అప్పుడే. వీలైతే మీ క్లాసులో ఇది చేసి చూపించండి: గోకూ జట్టులో క్రిలిన్‌ని పెట్టి, ఎదురుగా ఫ్రీజాని నిలిపి, వేదికగా నమెక్ గ్రహాన్ని ఎంచుకోండి. మొదట బరిలో దిగేది గోకూ, ఫ్రీజాలే కావాలి. క్రిలిన్‌ని ఫ్రీజా చంపడం, గోకూ జుట్టు బంగారు రంగుకి మారడం ఆ మోడల్స్‌తోనే కళ్లముందు జరుగుతాయి. చిన్నప్పుడు ఆ ఎపిసోడ్ చూసినవాళ్లెవరైనా పక్కనుంటే వాళ్ల ముఖం కూడా చూడండి.

ప్రశ్న: ఏ కన్సోల్ మీద కొనమంటారు? (విజయవాడ)

ఆన్‌లైన్‌లో ఆడేట్టయితే పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ లేదా పీసీ. 2024లో వీటికి రోల్‌బ్యాక్ వచ్చింది. అంటే ఎదుటివాడి బటన్ సమాచారం అందేదాకా గేమ్ ఆగకుండా, ఏం నొక్కుతాడో ఊహించి ముందుకెళ్తుంది, ఊహ తప్పితే వెనక్కి వచ్చి సరిచేసుకుంటుంది. పీఎస్4, స్విచ్‌లకి ఆ సదుపాయం లేదు. పీఎస్4 వెర్షన్ ఇప్పటికే ఉంటే పీఎస్5కి అప్‌గ్రేడ్ ఉచితం. ఇంట్లో ఇద్దరు కూర్చుని ఆడటానికైతే ఏదైనా ఒకటే. ప్లేస్టేషన్ వాళ్లు ఎక్స్‌బాక్స్ వాళ్లతో ఆడలేరు కాబట్టి, కొనే ముందు మీ స్నేహితులు దేని మీద ఆడుతున్నారో కనుక్కోండి.