కంపెనీ నిధులతో పీహెచ్‌డీ: సంతకానికి ముందు చదవవలసిన పేజీలు

ప్రశ్న: మాది నెల్లూరు. మా అమ్మాయి చెన్నైలో కెమికల్ ఇంజినీరింగులో ఎం.టెక్ చివరి సెమిస్టరు చదువుతోంది. తోళ్ల పరిశ్రమల మురుగునీటిని శుద్ధి చేసే మెంబ్రేన్ (వడపోత పొర) మీద ప్రాజెక్టు చేసింది. ఒక ప్రైవేటు కంపెనీ నిధులు ఇస్తోందని, అదే పనిని పీహెచ్‌డీగా కొనసాగించమని గైడు గారు అంటున్నారు. చేతిలో ఐటీ ఉద్యోగం ఆఫరు కూడా ఉంది. యూనివర్సిటీలో కనిపెట్టినవి నిజంగా మార్కెట్టుకు చేరతాయా? పేటెంటు వస్తే అమ్మాయికి ఏమైనా దక్కుతుందా?

జవాబు: నమస్కారమండీ. గైడు మంచివారేనా, కంపెనీ పెద్దదేనా, స్టైపెండు ఎంత అని విచారించే తల్లిదండ్రులు చెన్నైలో నా దగ్గరకు తరచుగా వస్తుంటారు. విశ్వవిద్యాలయానికీ కంపెనీకీ మధ్య కుదిరిన పరిశోధన ఒప్పందం చూడాలని అడిగినవారు మాత్రం చాలా అరుదు. మీ రెండు ప్రశ్నలకూ సమాధానం చాలావరకు ఆ కాగితంలోనే ఉంటుంది.

మార్కెట్టుకు చేరతాయా అంటే, కొన్ని చేరతాయి, అదీ నిదానంగా. మీ అమ్మాయి రంగంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ టి. ప్రదీప్ గారి బృందం నీటిలోని పురుగుమందుల అవశేషాలను నానో రేణువులతో తొలగించే పద్ధతిని రూపొందించగా, యురేకా ఫోర్బ్స్ సంస్థ లైసెన్సు తీసుకుని 2007లో దానిని వాటర్ ఫిల్టరుగా అమ్మకానికి తెచ్చింది. మన హైదరాబాదు భారత్ బయోటెక్ 2015లో విడుదల చేసిన రోటావాక్ టీకాకు మూలమైన వైరస్ రకం ఢిల్లీ ఎయిమ్స్‌లో బయటపడింది 1980లలో. అంటే ఆసుపత్రి ప్రయోగశాల నుంచి పసిపిల్లల నోటి దాకా రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఇక తోళ్ల విషయానికి వస్తే, 1948లో అడయారులో ఏర్పడిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసి, ప్రయోగశాలలో తేలిన విషయాన్ని తోళ్లను శుద్ధి చేసే కర్మాగారాల, అంటే టానరీల, గడప దాకా తీసుకువెళ్లాలని పట్టుబట్టిన యలవర్తి నాయుడమ్మ గారు తెనాలి ప్రాంతంవారే. మీ అమ్మాయి ఎంచుకోబోయే దారి మనవాళ్లకు కొత్తదేమీ కాదు.

మరి ఎక్కువ ఆవిష్కరణలు మధ్యలోనే ఎందుకు ఆగిపోతాయి? మీ అమ్మాయి మెంబ్రేనునే తీసుకోండి. ల్యాబులో అది అరచేతి వెడల్పు ముక్క. దాని మీదుగా పంపేది స్వేదనజలంలో కొలిచి కలిపిన ద్రావణం, అదీ కొన్ని గంటలపాటు. రాణిపేటలోనో ఆంబూరులోనో టానరీ వదిలే నీటిలో ఉప్పు, క్రోమియం, సున్నం, కొవ్వు, వెంట్రుకల తుక్కు అన్నీ కలిసి ఉంటాయి, ఆ ప్రవాహం రోజంతా ఆగదు. ల్యాబులో అద్భుతంగా పనిచేసిన పొర అక్కడ వారం తిరగకుండానే మూసుకుపోవచ్చు. దానిని ఎన్నిసార్లు కడిగి మళ్లీ వాడవచ్చు, చదరపు మీటరుకు ఎంత ఖర్చవుతుంది అనే ప్రశ్నలకు జర్నల్ పేపరులో చోటుండదు గానీ, కొనేవాడు అడిగేవి అవే. సాంకేతికత ఎంతవరకు సిద్ధమైందో చెప్పడానికి నాసా మొదలుపెట్టిన 1 నుంచి 9 మెట్ల కొలమానం ఉంది. 1 అంటే మూల సూత్రం మాత్రమే తెలిసిన దశ, 9 అంటే నిజమైన వాడుకలో నిరూపితమైన దశ. విశ్వవిద్యాలయాల పని సాధారణంగా 3, 4 మెట్ల దగ్గర నిలిచిపోతుంది, కంపెనీలు 6, 7 దాటినదాని కోసం చూస్తాయి. ఈ మధ్య దూరానికి డబ్బు, పైలట్ ప్లాంటు (చిన్నస్థాయిలో పరీక్షించే ప్లాంటు), నిజమైన మురుగునీరు మూడూ కావాలి, అవి కంపెనీ దగ్గరే దొరుకుతాయి. తరమణిలో 2010లో మొదలైన ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కు ఆలోచన కూడా ఇదే. అక్కడ చోటు తీసుకున్న కంపెనీ అద్దె కడితే సరిపోదు. ప్రొఫెసర్లతో, విద్యార్థులతో కలిసి చేసిన పనికి లెక్కగట్టే క్రెడిట్లు కూడా సంపాదించాలి.

ఇప్పుడు అసలు కాగితం సంగతి. పేటెంటులో ఆవిష్కర్త వేరు, యజమాని వేరు. మెంబ్రేనుకు కొత్త ఆలోచన ఇచ్చినది మీ అమ్మాయి అయితే ఆవిష్కర్తగా ఆమె పేరు ఉండి తీరాలి. గౌరవం కోసం ఇంకొకరి పేరు చేర్చడం, విద్యార్థి కదా అని ఆమె పేరు వదిలేయడం రెండూ తప్పే. యాజమాన్యం మాత్రం సంస్థదా, కంపెనీదా, ఉమ్మడిదా అన్నది ఒప్పందమే తేలుస్తుంది. ఎం.టెక్‌లో ఆమె ఇప్పటికే చేసిన పని కంపెనీ డబ్బు రాకముందుది కనుక, దానిని ముందునుంచీ ఉన్న పరిజ్ఞానంగా ఒప్పందంలో విడిగా రాయించమనండి. పేజీలకు వరుస సంఖ్యలు వేసి, తేదీతో, గైడు సంతకంతో ఉన్న ల్యాబ్ నోటుబుక్కు అప్పుడు ఆమెకు సాక్ష్యమవుతుంది.

తరువాత చూడవలసినది ప్రచురణ నిబంధన. పేటెంటు దరఖాస్తుకు ముందే విషయం బయటపడితే కొత్తదనం పోతుంది. చట్టంలో మినహాయింపులు ఉన్నా అవి చాలా ఇరుకైనవి. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి సదస్సులో పెట్టిన పోస్టరు, దాని సారాంశం నిర్వాహకుల వెబ్‌సైటులోకి ఎక్కాయి. దరఖాస్తు అప్పటికి ఇంకా పడలేదు. ఐరోపాలో పేటెంటుకు దారి మూసుకుపోయిందని తేలాక కంపెనీ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది. తప్పు అబ్బాయిది కాదు, అతనికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి పేపరు పంపే ముందు కంపెనీ ఒకటి రెండు నెలలు పరిశీలించడానికి గడువు అడగడం సబబే. ఈలోగా తాత్కాలిక దరఖాస్తు వేస్తే పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు ఉంటాయి. కానీ గడువు చెప్పకుండా 'కంపెనీ అనుమతి లేనిదే ప్రచురించరాదు' అని ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఎందుకంటే థీసిస్ సమర్పించాలి, వైవా జరగాలి, ఆ థీసిస్ దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో అందరికీ కనబడాలి. మధ్యలో కంపెనీ తప్పుకుంటే స్టైపెండు ఎవరిస్తారన్నది కూడా అందులో ఉందో లేదో చూడండి. పోల్చుకోవడానికి, ప్రభుత్వ జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు రూ.37,000, తరువాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రూ.42,000.

పేటెంటు డబ్బు గురించి ఆశలు తక్కువే పెట్టుకోండి. లైసెన్సు రుసుములో, రాయల్టీలో ఆవిష్కర్తలకు వాటా ఇచ్చే విధానం చాలా సంస్థల్లో ఉంది, ఎంత అన్నది ఆ సంస్థ మేధో సంపత్తి విధానంలో రాసి ఉంటుంది. కానీ చాలా పేటెంట్లకు లైసెన్సు తీసుకునేవారే దొరకరు. ఇంటి అప్పు తీర్చడానికి దానిని లెక్కలో వేసుకోకండి.

నా దృష్టిలో అమ్మాయికి దక్కే లాభం వేరే ఉంది. పైలట్ ప్లాంటు దగ్గర నిలబడి పనిచేసిన పీహెచ్‌డీకి నీటి శుద్ధి కంపెనీలలో, సాంకేతికత బదిలీ కార్యాలయాలలో, కొత్త కంపెనీలకు తోడ్పడే ఇంక్యుబేటర్లలో అవకాశాలు ఉంటాయి. ఇంజినీరింగ్ పట్టా ఉన్నవారు పేటెంట్ ఏజెంట్ పరీక్ష కూడా రాయవచ్చు. పేటెంటు కార్యాలయం చెన్నైలో గిండీలోనే ఉంది. అయితే ఇంటికి ఇప్పుడే జీతం అవసరమైతే ఐటీ ఉద్యోగంలో చేరడం తప్పు కాదు. మొహమాటంతో పీహెచ్‌డీలో చేరితే నాలుగైదేళ్లు భారంగా గడుస్తాయి.

ఈ వారంలో అమ్మాయి చేయవలసిన పనులు రెండు. ఐటీ కంపెనీకి చేరే తేదీ పొడిగించమని మెయిల్ రాయాలి. ఒప్పందంలో విద్యార్థులకు వర్తించే పేజీల నకలు కావాలని గైడు గారినీ, విశ్వవిద్యాలయ మేధో సంపత్తి విభాగాన్నీ అడగాలి. డబ్బు మొత్తాలు చెరిపేసి ఇచ్చినా పరవాలేదు. సంతకం మాత్రం అవి చదివాకే.