ఊరి నుంచి ఐటీ ఉద్యోగం: తృప్తి లెక్క వేరు, పని లెక్క వేరు

మీరు అడిగింది ఇది: కంపెనీ పూర్తిగా ఇంటి నుంచి పని చేసుకోమంటోంది, హైదరాబాద్ ఖాళీ చేసి మొగల్తూరు వైపు సొంతూరికి వెళ్ళిపోతే హాయిగా ఉంటుందా, పని దెబ్బతింటుందా?

హాయిగానే ఉంటుందండి. పని సంగతి మాత్రం మీరు చేసేది ఏ రకం పని, ఎన్నేళ్ల అనుభవం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేసి వాదించుకుంటారు కాబట్టే ఈ చర్చ ఎప్పటికీ తేలదు. నేను టెస్టింగ్ లీడ్‌ని. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ కొండాపూర్ నుంచి కోనసీమలో అంబాజీపేట దగ్గర మా అత్తగారి ఊరికి వచ్చాం. అప్పటి నుంచీ ఇక్కడి నుంచే చేస్తున్నాను.

కొండాపూర్‌లో అద్దె పాతిక వేలు. ట్రాఫిక్‌లో రోజుకి రెండు గంటలు. సాయంత్రం ఆరు దాటితే డేకేర్ వాళ్ళ ఫోన్లు. ఇక్కడ అద్దె లేదు, పాప బడి నుంచి రాగానే మావయ్యగారి వెనకాలే తోటలోకి పోతుంది. ఆ టెన్షన్ పోయాక వేరే కంపెనీలు ఎక్కువ జీతం ఇస్తామని పిలిచినా, ఆఫీసుకి రావాలి అనగానే వద్దనేశాను.

ఇది నా ఒక్కదాని కథ కాదు. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ బృందం 2010 చివర్లో ఒక ప్రయోగం మొదలుపెట్టి తొమ్మిది నెలలు నడిపింది. ఇంటి నుంచి చేసినవాళ్ళలో ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు, పని 13 శాతం పెరిగింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మిగతాది కూడా వినండి. పెరిగిన పనిలో ఎక్కువ భాగం బ్రేకులు, సిక్ లీవులు తగ్గి ఎక్కువసేపు కూర్చోవడం వల్ల వచ్చింది. పైగా అది కాల్ సెంటర్, ఎన్ని కాల్స్ తీశారో లెక్క పెట్టచ్చు. అంతే పని చేసినా ఇంటి నుంచి చేసేవాళ్ళకి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ప్రయోగం అయ్యాక మీ ఇష్టం అంటే, దాదాపు సగం మంది ఆఫీసుకే వెళ్ళిపోయారు, ఒంటరిగా ఉందని.

మన దగ్గరికి వస్తే లెక్క ఇంకోలా ఉంది. చెన్నైలో డేటా ఎంట్రీ పని మీద చేసిన ప్రయోగంలో ఇంటి దగ్గర పని ఆఫీసు కన్నా 18 శాతం తక్కువ జరిగింది. ఆసియాలో ఒక పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీలో కోవిడ్ ముందూ తర్వాతా పదివేల మందికి పైగా ఉద్యోగుల లెక్కలు తీస్తే, పని గంటలు పెరిగాయి కానీ అయిన పని దాదాపు అంతే. అంటే గంటకి జరిగే పని తగ్గినట్టే. మీటింగులు ఎక్కువై, కుదురుగా కూర్చునే సమయం పోయింది. చదువుతుంటే మా టీమ్ గురించే రాసినట్టుంది. ఆఫీసులో ఉన్నప్పుడు పక్క సీటుకి తిరిగి రెండు ముక్కల్లో తేల్చుకునే దానికి ఇప్పుడు అరగంట కాల్ పెట్టి, అందులో ఏడుగురిని కూర్చోబెడతారు.

దెబ్బ ఎక్కువ తినేది కొత్తవాళ్ళు. మా టీమ్‌లో చేరిన ఒక కుర్రాడు టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో లాగిన్ ఎర్రర్ వస్తే పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదు. అడిగితే "మీరు బిజీ అని చూపిస్తోంది మేడమ్" అన్నాడు. ఆఫీసులో అయితే వాడి మొహం చూసి నేనే వెళ్ళేదాన్ని. ఇప్పుడు రోజూ పదకొండింటికి ఒక గంట కాల్ తెరిచి పెడతాను. ఎజెండా ఉండదు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఉంటారు, డౌట్ వస్తే నోరు తెరిచి అడుగుతారు. మా జూనియర్లు నేర్చుకున్నది చాలావరకు ఆ గంటలోనే. అందుకే ముక్కుసూటిగా చెప్తున్నా, మీకు రెండేళ్ల లోపు అనుభవం అయితే ఊరికి రాకండి. ఐదేళ్లు దాటి, ఎవరికి ఏ మెసేజ్ పెట్టాలో తెలిసిపోయాక రండి.

ఇక మన డెల్టా సంగతి. మన ఊళ్ళలో ఫైబర్ కేబుల్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ వేసిందే అలా. అందుకే చవగ్గా వచ్చింది, అందుకే గాలి వేస్తే కరెంటూ నెట్టూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పోతాయి. గాలి కూడా అక్కర్లేదు, ఒక్క ఎండు కొబ్బరి మట్ట ఊడి తీగ మీద పడితే చాలు, నెట్ బాక్సు మీద సిగ్నల్ పోయిందని చెప్పే లాస్ లైటు ఎర్రగా వెలుగుతుంది. కేబుల్ కుర్రాడు వచ్చి, తీగ పై తొడుగు ఒలిచి, వెంట్రుకంత గాజు పోగుని స్పిరిట్‌తో తుడిచి స్ప్లైసింగ్ మిషన్‌లో పెడతాడు. చిన్న తెర మీద రెండు పోగులూ ఎదురెదురుగా వచ్చి అతుక్కోవడం కనిపిస్తుంది. ఆ అతకడం సెకన్ల పని. మిషన్ మా ఊరు చేరడానికే సాయంత్రం అవుతుంది, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అదొక్కటే మరి.

కాబట్టి ఇన్వర్టర్‌తో పాటు వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉండాల్సిందే. అదీ అన్నివేళలా ఆదుకోదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ డేటా ఆపేశారు. మాలాంటివాళ్ళం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఎదుర్లంక వంతెన దాటి పుదుచ్చేరి కింద ఉన్న యానాం వెళ్ళి పని చేసుకున్నాం. అదే ఏడాది జులైలో గోదావరికి పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మాకు ఫర్వాలేదు కానీ లంక ఊళ్ళో ఉన్న మా టీమ్ అమ్మాయి రోజుల తరబడి దొరకలేదు. ఇలాంటి రోజుకి మీ పని ఎవరు చూస్తారో మేనేజర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంట్లోవాళ్ళ సంగతీ చెప్పాలి. ఊళ్ళో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఖాళీగా ఉన్నట్టే లెక్క. "ఇంట్లోనే ఉన్నావు కదమ్మా, ఓసారి పేరంటానికి వెళ్ళి తాంబూలం తీసుకుని వచ్చెయ్" అంటారు మా అత్తయ్యగారు, ఎంతో ప్రేమగా. గది తలుపు వేస్తే కోపం వచ్చిందేమో అనుకునేవారు. తలుపు వేసి ఉంటే కాల్‌లో ఉన్నట్టు, తీసి ఉంటే పిలవచ్చు అని ఒప్పందం చేసుకున్నాం. మగవాళ్ళకి ఈ బాధ సగం కూడా ఉండదు, వాళ్ళ గదికి కాఫీ వెళ్తుంది! సాయంత్రాలు వేరే గొడవ. అమెరికా తూర్పు తీరంలో పొద్దున్న తొమ్మిదంటే మనకి చలికాలం రాత్రి ఏడున్నర, మార్చిలో వాళ్ళు గడియారం మార్చుకున్నాక ఆరున్నర. ఆఫీసు క్యాబ్ ఉన్న రోజుల్లో పనికి ఒక హద్దు ఉండేది. ఇప్పుడు పదింటికి మెసేజ్ వచ్చినా చెయ్యి దానంతట అదే వెళ్తుంది. కనుమ నాడు మా దగ్గర జరిగే జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉండగా ప్రొడక్షన్ ఇష్యూ, అంటే కస్టమర్లు వాడే సిస్టమ్‌లోనే సమస్య అని ఫోన్. పండక్కి వచ్చిన జనం అంతా ఒకే టవర్ మీద ఉంటే ఏ లాగ్ తెరుచుకుంటుంది!

నన్నడిగితే పూర్తి రిమోట్ కన్నా వారంలో కొన్ని రోజులు ఆఫీసు పద్ధతే మేలు. సీట్రిప్పే, ఇప్పుడు ట్రిప్.కామ్, 1,612 మంది మీద మళ్ళీ చూసింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి చేస్తే మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు, రేటింగుల్లో, ప్రమోషన్లలో తేడా లేదు. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. కానీ మొగల్తూరు నుంచి వారం వారం హైదరాబాద్ వెళ్ళడం అయ్యే పని కాదు. నేను మూడు నెలలకోసారి ఒక వారం వెళ్తాను, కాఫీ మెషిన్ దగ్గరే సగం పనులు అయిపోతాయి. అప్రైజల్ ముందు వెళ్ళడం ఇంకా మంచిది.

ఇంకో మాట, ఇల్లు ఖాళీ చేసేముందు శాశ్వత రిమోట్ అని హెచ్ఆర్ నుంచి మెయిల్ తీసుకోండి, మేనేజర్ నోటి మాట చాలదు. 2025 నాటికి తమ ఉద్యోగుల్లో పాతిక శాతం మందే ఆఫీసుకి వస్తే చాలని చెప్పిన టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. మళ్ళీ పిలిస్తే ఎన్నాళ్ల గడువు ఇస్తారు, ఊరిని బట్టి జీతం తగ్గిస్తారా, ఆఫీసుకి వచ్చే ఖర్చులు ఎవరివి, ఈ మూడూ అందులో ఉండాలి. అనుభవం ఎన్నేళ్లో, డెవలప్‌మెంటా సపోర్టా కింద రాయండి. నైట్ సపోర్ట్ అయితే నా సలహా మారుతుంది.